కర్నూలు పాతబస్తీలో పేదల ఇళ్ల కోసం చిన్న సంఘం: కొత్త ఇల్లు ముందా, పాత మిద్దెల మరమ్మతు ముందా?

ప్రశ్న – హంద్రీ ఒడ్డు (కర్నూలు)

అందరికీ నమస్కారం. మేము కర్నూలు పాతబస్తీకి చెందిన పద్నాలుగు మందిమి. ఇద్దరు ఉపాధ్యాయులు, ఒక బ్యాంకు ఉద్యోగి, నలుగురు డిగ్రీ విద్యార్థులు పోను మిగిలినవాళ్లం చిన్న వ్యాపారాలు చేసుకునేవాళ్లం. తలా నెలకు ఐదు వందల చొప్పున రెండేళ్లుగా కూడబెట్టిన సొమ్ము 1,68,000 రూపాయలు అయింది.

పోయిన వానాకాలంలో మా వీధిలో ఒక అవ్వగారి చౌడు మిద్దె (దూలాల మీద చౌడుమట్టి పరిచి కప్పు వేసిన ఇల్లు) రాత్రిపూట సగం కూలింది. ఆమె, ఇద్దరు మనవళ్లు ఆ రాత్రి ఉక్కగా ఉందని పంచలో పడుకోవడం వల్ల బతికారు. తెల్లవారి మేమందరం వెళ్లి మట్టి ఎత్తితే, ఒక్క గది పైకప్పు మట్టికే ట్రాక్టరు నిండిపోయి ఇంకా మిగిలింది. అప్పటివరకూ వేడుకగా కూడబెట్టిన డబ్బుకు ఆ రోజు ఒక పని దొరికినట్లయింది. స్థలం పట్టా ఇప్పటికీ చనిపోయిన మామగారి పేరు మీదే ఉండి, పంపకాలు జరగకపోవడం వల్ల ఆమెకు ప్రభుత్వ పథకంలో ఇల్లు రావడం లేదు.

పేదలకు తక్కువ ఖర్చులో ఇల్లు కట్టించి, వీధివాళ్లనే స్వచ్ఛందంగా పనిలోకి దింపే సంఘంగా మేము ఏర్పడాలని అనుకుంటున్నాం. ఉన్న సొమ్ముతో ఆమెకు ఒక కొత్త గది కట్టించడం మేలా, లేక కూలడానికి సిద్ధంగా ఉన్న నాలుగైదు మిద్దెలను బాగుచేయడం మేలా? ఇచ్చిన సొమ్ము తిరిగి అడగవచ్చా? ఇళ్ల పని తెలియని మా వంటివాళ్ల ఆదివారాలు నిజంగా దేనికైనా పనికివస్తాయా? అనుభవం ఉన్నవాళ్లు చెప్పగలరు.

జవాబు 1 – చిత్రావతి (అనంతపురం జిల్లా)

మీ ప్రశ్న చదివిన వెంటనే నాకు మా అమ్మ గుర్తుకు వచ్చింది. అనంతపురం జిల్లాలో ఆర్‌డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు) అంటే తెలియని ఊరు ఉండదు. విన్సెంట్ ఫెర్రర్ గారు 1969లో ఇక్కడికి వచ్చి మొదలుపెట్టిన ఆ సంస్థ వేల కుటుంబాలకు పక్కా ఇళ్లు కట్టించింది. ఆ ఇళ్లలో నేను అన్నిటికన్నా గొప్పగా తలచే సంగతి గోడలు కాదు, ఇల్లు ఆడమనిషి పేరు మీద రాయించడం. మా ఇల్లు అటువంటిదే. పంటలు పోయిన ఒక ఏడాది మా నాయన అప్పు కోసం ఇంటి కాగితాలు పెట్టెలోంచి తీస్తే, అమ్మ ఆ కాగితాలను మడిచి చీరకొంగులో కట్టుకుని, "ఇది నా పేరున ఉంది, పిల్లలు పడుకునే చోటు తాకట్టుకు పోదు" అని ఒకే మాట చెప్పింది. నేను డిగ్రీ దాకా చదివింది ఆ కప్పు కిందనే.

కాబట్టి అవ్వగారి ఇంటికి ఒక్క ఇటుక పెట్టకముందే పట్టా సంగతి తేల్చండి. మామగారి మరణ ధ్రువపత్రం, వారసులందరి వివరాలు, అభ్యంతరం లేదని మిగతావాళ్ల సంతకాలు సేకరించి, సచివాలయానికీ తహశీల్దారు కార్యాలయానికీ ఆమె వెంట నాలుగుసార్లు తిరిగే మనిషి మీలో ఒకరుంటే, అది ఒక గోడ కట్టినంత సాయం. మీ ఉపాధ్యాయులు ఆ పనికి సరిగ్గా సరిపోతారు.

సొమ్ము తిరిగి అడగడం గురించి: హ్యాబిటాట్ ఫర్ హ్యుమానిటీ అనే సంస్థ 1976లో అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో మొదలై, మన దేశంలో తన మొదటి పనిని 1983లో ఖమ్మంలో చేపట్టింది. ఇల్లు పొందే కుటుంబం తన ఇంటి కట్టుబడిలో స్వయంగా చెమటోడ్చాలి, లాభం కలపకుండా లెక్కగట్టిన ఖర్చును చిన్న వాయిదాల్లో తీర్చాలి, ఆ వాయిదాలు మరో ఇంటి పునాదికి పోవాలి అన్నది వాళ్ల మూలసూత్రం. ఊరకే వచ్చిన ఇంటికీ తాను కొంత తీర్చుకున్న ఇంటికీ మనిషి నిలబడే తీరులో తేడా ఉంటుందని నేను కళ్లారా చూశాను. నెలకు రెండు వందలైనా సరే, తిరిగి కట్టించుకోండి.

జవాబు 2 – పెన్నా గట్టు (కడప, సివిల్ ఇంజినీరు)

నా అభిప్రాయం నిస్సందేహంగా మరమ్మతు వైపే. కారణం లెక్కలోనే ఉంది. పది అడుగుల వెడల్పు, పన్నెండు అడుగుల పొడవు ఉన్న గది మీద అడుగు మందాన మట్టి ఉంటే, ఎండినప్పుడే దాని బరువు ఐదు టన్నులు దాటుతుంది, వానకు నానితే ఇంకో టన్ను పెరుగుతుంది. మన సీమ మిద్దెను కట్టినప్పుడు అంత మట్టి ఉండదు. ఏటా తొలకరికి ముందు కారుతుందన్న భయంతో పైన కొత్త చౌడు పోస్తూ పోవడం, పాతది తీయకపోవడం వల్ల ముప్ఫై నలభై ఏళ్లలో కప్పు మందం రెట్టింపవుతుంది. కింద దూలాల కొసలు గోడలో దాగి ఉన్న చోట తేమ పట్టి, చెదలు తిని, పైకి మాత్రం గట్టిగానే కనిపిస్తాయి. కూలే మిద్దెలు చాలావరకు అక్కడే విరుగుతాయి.

ముందుగా ఎండాకాలంలో వీధిలోని మట్టి మిద్దెలన్నీ ఒకసారి తిరిగి చూడండి. దూలం గోడలోకి దిగే చోట సన్నని స్క్రూడ్రైవరుతో పొడిచి చూస్తే, లోపల పుచ్చిపోయిన కొయ్య వెన్నలా దిగుతుంది. దూలం మధ్యలో దిగబడిందా, గోడ మూలల్లో పగుళ్లు పైనుంచి కిందికి వస్తున్నాయా, గవాచి (వెలుతురు కోసం కప్పులో వదిలే రంధ్రం) చుట్టూ తడి మరకలు ఉన్నాయా, నీళ్లు పోయే తూము మూసుకుపోయిందా అన్నది రాసుకోండి. ఆ చిట్టా ఉంటే ఏ ఇల్లు ఈ వానలకు ఆగదో మీకే తెలుస్తుంది. తూము శుభ్రం చేయడానికి రూపాయి ఖర్చు ఉండదు, కానీ మిద్దె మీద నీళ్లు నిలవకుండా చేసేది అదే.

మట్టి దింపేటప్పుడు మాత్రం ఉత్సాహం చూపకండి. మొదట లోపల దూలాల కింద పోట్లు (ఆసరాగా నిలబెట్టే గుంజలు) పెట్టించి, మనుషులనూ సామాన్లనూ బయటికి తెచ్చి, అప్పుడు మేస్త్రి చెప్పిన వరుసలో, నలుగురికి మించకుండా పైకెక్కి, ఒకే పక్కన బరువు మిగలకుండా దింపాలి. మట్టిని కప్పు అంచున కుప్పగా పోయకూడదు, వెంటవెంటనే కిందికి దించేయాలి. గోడలు బాగుంటే ఇనుప గర్డర్ల మీద నాపబండలు పరిచి, సందులు పూడ్చి, పైన వాలు ఉంచి పలుచని కాంక్రీటు పూత వేస్తే చాలు. బేతంచెర్ల, తాడిపత్రి, కడప బండలు మనకు దగ్గరలో దొరకడం ఈ ప్రాంతానికున్న అదృష్టం. రేకులు వేయమని కొందరు సలహా ఇస్తారు. నలభై డిగ్రీలు దాటే కర్నూలు ఎండలో ఆ రేకుల కింద ముసలివాళ్లను పడుకోబెట్టడం నాకు ఒప్పదు.

ఎక్కడైనా కొత్త గోడ లేపవలసి వస్తే, కేరళలో వాస్తుశిల్పి లారీ బేకర్ గారు ప్రచారంలోకి తెచ్చిన ఎలుకబోను కట్టుబడిని ఆలోచించండి. ఇటుకలను నిలువుగా పెట్టి మధ్యలో ఖాళీ వదిలే ఆ పద్ధతిలో దాదాపు నాలుగో వంతు ఇటుక మిగులుతుంది, ఆ ఖాళీ వల్ల లోపల వేడి కూడా తగ్గుతుంది. అయితే మన బేల్దార్లకు (తాపీ పనివాళ్లకు) ఇది అలవాటు లేదు కాబట్టి మొదటి గోడ నెమ్మదిగా సాగుతుంది.

మీ ఆదివారాలు దేనికి పనికివస్తాయని అడిగారు. పునాది తవ్వడం, ఇటుకలు అందించడం, ఇసుక జల్లించడం మీరు చేయగలరు. సెంట్రింగు, స్లాబు, కరెంటు వైరింగు పనివాళ్లకే వదిలేయాలి. అన్నిటికన్నా ముఖ్యమైనది నీళ్లు పట్టడం. గోడకు కనీసం ఏడు రోజులు, కాంక్రీటుకు అంతకన్నా ఎక్కువ రోజులు, పొద్దున్నా సాయంత్రం నీళ్లు పట్టకపోతే మంచి సిమెంటు కూడా పొడిపొడిగా రాలుతుంది. పేదల ఇళ్లలో ఇదే ఎక్కువగా తప్పిపోతుంది, ఎందుకంటే ఇంటివాళ్లు తెల్లవారకముందే కూలికి వెళ్లిపోతారు. పక్కింటివాళ్లు వంతులేసుకుని తడి గోనెసంచులు కప్పి ఉంచితే, ఆ ఇంటి ఆయుష్షు పెరుగుతుంది. దానికి ఆదివారం ఒక్కటే చాలదు, వారంలో ఏడు రోజులకూ మనిషి కావాలి.

జవాబు 3 – లెక్కల పుస్తకం (కర్నూలు)

క్లుప్తంగా కాగితాల సంగతి చెబుతాను. ఏడుగురు సభ్యులుంటే ఆంధ్రప్రదేశ్ సంఘాల నమోదు చట్టం, 2001 కింద సంఘాన్ని నమోదు చేయించుకోవచ్చు, మీరు పద్నాలుగు మంది ఉన్నారు. ఆ తరువాత సంఘం పేరు మీదే బ్యాంకు ఖాతా తెరవండి, ఎవరి సొంత ఖాతాలోనూ చందాలు ఉంచకండి. దాతలకు పన్ను రాయితీ రావాలంటే ఆదాయపు పన్ను శాఖ వద్ద విడిగా నమోదు కావాలి. రెండు వేల రూపాయలకు మించి నగదుగా ఇచ్చిన విరాళానికి ఆ రాయితీ వర్తించదు.

ఒక జాగ్రత్త అవసరం. విదేశంలో ఉన్న మీ బంధువు ఎవరైనా భారత పౌరుడిగానే ఉండి, తన సొంత సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. అక్కడి పౌరసత్వం తీసుకున్నవాళ్లు పంపితే మాత్రం విదేశీ విరాళమే అవుతుంది, ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) అనుమతి లేకుండా ఒక్క రూపాయి కూడా తీసుకోకూడదు. తిరిగి కట్టించుకునే సొమ్ము మీద వడ్డీ అనే మాటే రానివ్వకండి.

జవాబు 4 – బేల్దారి కూతురు (కర్నూలు)

మా నాయన నలభై ఏళ్లు బేల్దారి పని చేశాడు. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ కలిసి ఊరి మీదికి వచ్చినప్పుడు మా ఇల్లు మునిగింది, నాయన పనిముట్లన్నీ బురదలో పోయాయి. ఆ నెలలో ఎక్కడెక్కడి నుంచో పిల్లలు వచ్చి మా వీధిలో బురద ఎత్తారు. వాళ్ల పేర్లు నాకు తెలియవు, కానీ మా అమ్మ ఇప్పటికీ వాళ్లను తలుచుకుంటుంది. ఆ తరువాత ఒక సంస్థవాళ్లు మా బంధువులకు ఊరికి చాలా దూరంలో గదులు కట్టించి ఇచ్చారు. గదులు బాగానే ఉన్నాయి. కానీ ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లకు ఆటో ఖర్చే కూలిలో పెద్ద భాగమైంది, జ్వరమొస్తే గంజి కాచి ఇచ్చే పక్కింటివాళ్లు లేకుండా పోయారు, ఏడాది తిరిగేలోగా సగం గదులకు తాళాలు పడ్డాయి. అందుకే మిమ్మల్ని వేడుకుంటున్నాను, ఆ అవ్వను ఆ వీధిలోనే ఉంచండి.

చిత్రావతి గారి మాటతో ఒకచోట నేను ఏకీభవించలేను. వాయిదా కట్టగలిగినవాళ్ల దగ్గర తీసుకోండి, కానీ ఇద్దరు మనవళ్లను సాకే ముసలామెను రెండు వందలు అడగకండి. ఆమె వంతుగా పనిలో ఉన్నవాళ్లకు మజ్జిగ ఇచ్చినా, రేపు మరో ఇంటి దగ్గర పిల్లలను చూసుకున్నా అది కూడా చెమటే. పల్లెల్లో ఒకరి చేలో ఒకరు బదులుకు పోయినప్పుడు ఎవరూ డబ్బు లెక్క చూసుకోలేదు, మనిషికి మనిషి వచ్చారా లేదా అన్నదే చూశారు.

తిరిగి తీసుకునే సొమ్ముకు ఇంకో మంచి దారి ఉంది. మా పేటలో ప్రభుత్వ ఇల్లు మంజూరైన తరువాత కూడా బేస్‌మట్టం దగ్గర ఆగిపోయినవి చూడండి, కడ్డీలు తుప్పుపట్టి, లోపల కంపచెట్లు మొలిచి ఉంటాయి. బిల్లు దశలవారీగా వస్తుంది, ముందు చేతిలోంచి పెట్టి కట్టి చూపిస్తేనే ఆ దశ సొమ్ము పడుతుంది. ఆ ముందు సొమ్ము కోసమే జనం అధిక వడ్డీకి అప్పు తెస్తారు, లేదా వదిలేస్తారు. మీరు ఆ సొమ్మును వడ్డీ లేకుండా ఇచ్చి, బిల్లు పడగానే తీసుకుంటే, అదే లక్ష రూపాయలు ఏడాదిలో మూడు ఇళ్లకు తిరుగుతుంది.

ఇంకొక్క మాట. మేస్త్రికి కూలి పూర్తిగా ఇవ్వండి. సేవ పేరుతో అతని కూలి తగ్గించమని అడిగితే, ఒక పేదవాడి ఇంటి కోసం ఇంకో పేదవాడి పొయ్యి మీద నీళ్లు చల్లినట్లవుతుంది.

మళ్లీ – హంద్రీ ఒడ్డు

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. మొన్న ఆదివారం మీ జవాబులన్నీ అచ్చు తీసి, అవ్వగారి పంచలోనే కూర్చుని చదువుకున్నాం. పోట్లు పెట్టే సంగతి చదువుతుంటే ఆమె మధ్యలో ఆపి, తన పెళ్లినాటికి ఆ మిద్దె మీద మట్టి జానెడు కూడా ఉండేది కాదని, ఏటేటా గంపలతో చౌడు మోసి పోసింది తానేనని చెప్పింది.

కొత్త గది ఆలోచన మానుకున్నాం. ఆమె మిద్దెలో కూలని సగానికి పోట్లు పెట్టించి, మట్టి దింపించి, కూలిన సగం మీద గర్డర్లు, బండలు వేయిస్తాం. ఆమె దగ్గర ఏమీ తీసుకోం. మిగిలిన సొమ్మును బిల్లుల కోసం ఆగిపోయిన ఇళ్లకు తిప్పుతాం. పట్టా పని ఉపాధ్యాయులిద్దరూ తీసుకున్నారు, నీళ్లు పట్టే వంతులకు ఎదురింటి ఆడవాళ్లు ముగ్గురు తామే ముందుకు వచ్చారు. పెన్నా గట్టు గారికి ఒక ప్రశ్న మిగిలి ఉంది: పాత రాతిగోడకు మట్టి సున్నమే ఉంది, సిమెంటు లేదు. గర్డరు కొస ఆనే చోట గోడ మీద కాంక్రీటు దిమ్మె పోయించాలా, లేక వెడల్పాటి బండ ఒకటి పెడితే బరువు ఆగుతుందా? మేస్త్రి గురువారం వస్తానన్నాడు, ఆలోగా చెప్పగలిగితే మాకు మేలు.