మేలో వైజాగ్ వస్తున్న జర్మనీ ఫ్రెండ్: నా ప్లాన్ ఎలా ఉంది?

ఎంవీపీ_అమ్మాయి:
అందరికీ నమస్తే. హాంబర్గ్‌లో చదువుకున్నప్పుడు రెండేళ్లు నా రూమ్మేట్‌గా ఉన్న అమ్మాయి మే మూడో వారంలో మా ఇంటికి వస్తోంది, ఆరు రోజులు ఉంటుంది. అక్కడ నాకు జ్వరమొస్తే రాత్రంతా పక్కనే కూర్చున్న మనిషి, అందుకే ఇక్కడ తనకి ఏ ఇబ్బందీ రాకూడదని నా తాపత్రయం. మా ఫ్లాట్‌లో ఏసీ ఒక్క గదిలోనే ఉంది, అది తనకే ఇస్తాం. మొదటి రోజు పొద్దున కైలాసగిరి, మధ్యాహ్నం సబ్‌మెరైన్ మ్యూజియం, సాయంత్రం ఆర్కే బీచ్‌లో స్నానం. రెండో రోజు సింహాచలం, తొట్లకొండ, భీమిలి. మూడో రోజు అరకు వెళ్లి రాత్రికి తిరిగి రావడం. అమ్మ ఇప్పటికే కొత్తావకాయ, రొయ్యల వేపుడు, పనసపొట్టు కూర అని లిస్టు రాసేసింది. ఎక్కువైపోయిందంటారా? ఎండ గురించే టెన్షన్.

పెదవాల్తేరు_వాసి:
చాలా ఎక్కువైపోయిందమ్మా. మా తమ్ముడి స్నేహితుడు పోలండ్ నుంచి వస్తే నేనూ ఇలాగే తిప్పాను, రెండో రోజు మధ్యాహ్నానికి తల తిరిగి, వాంతులై పడుకున్నాడు, ఇప్పటికీ నాకు బాధే. విజయవాడతో పోలిస్తే మన దగ్గర డిగ్రీలు తక్కువే, కానీ గాలిలో తేమకి చెమట ఆరదు, చెమట ఆరితేనే కదా ఒళ్లు చల్లబడేది. చలిదేశం వాళ్ల ఒంటికి ఇది అలవాటు కావడానికి వారం, పది రోజులు పడుతుంది. పొద్దున తొమ్మిదిలోపు, సాయంత్రం నాలుగున్నర తర్వాతే బయటికి తీసుకెళ్లండి, మధ్యాహ్నాలు ఇంట్లోనే ఉండనివ్వండి. ఓఆర్ఎస్ ప్యాకెట్లు కొని పెట్టుకోండి, లేకపోతే లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో ఆరు టీ చెంచాల పంచదార, అర టీ చెంచా ఉప్పు, చెంచా తలగొట్టి కొలవాలి. అమ్మగారికి కూడా చెప్పండి, మొదటి రెండు రోజులు పప్పు, చారు, పెరుగన్నం చాలు, ఆవకాయ పక్కన కొంచెం రుచి చూపిస్తే సరి.

జాలరిపేట_కుర్రాడు:
అక్కా, ఆర్కే బీచ్‌లో స్నానం మాత్రం వద్దు. ఆ అమ్మాయికి ఎంత ఈత వచ్చినా సరే. అక్కడ ఒడ్డు దాటగానే లోతు, అల వెనక్కి వెళ్లేటప్పుడు కాళ్ల కింద ఇసుకని, మనిషిని కలిపి లాగేస్తుంది, ఏటా ఎంతోమంది పోతున్నారు, వాళ్లలో ఈతొచ్చిన వాళ్లూ ఉన్నారు. నీళ్లలో దిగాలనుకుంటే రుషికొండలో లైఫ్‌గార్డులు ఉన్న చోటే, వాళ్లు చెప్పిన హద్దులోనే. ఎప్పుడైనా లోపలికి లాగితే ఒడ్డు వైపు కొట్టుకోకుండా ఒడ్డుకి సమాంతరంగా పక్కకి ఈదాలని ముందే చెప్పండి. ఆర్కే బీచ్‌లో సాయంత్రం కూర్చుని మురీ మిక్స్చర్ తినండి, అది చాలు. సబ్‌మెరైన్ సోమవారం ఉండదు, చూసుకోండి.

కొత్తవలస_రైలు:
ఎవరూ చెప్పలేదు కాబట్టి చెబుతున్నా. విదేశీయులు మన ఇంట్లో దిగితే 24 గంటల్లోపు ఎఫ్ఆర్ఆర్ఓ (విదేశీయుల నమోదు ఆఫీసు) వెబ్‌సైట్‌లో ఇంటివాళ్లే నమోదు చేయాలి, ఇది హోటళ్లకే అనుకుంటారు చాలామంది. పాస్‌పోర్ట్, వీసా కాపీలు ముందే తెప్పించుకోండి.
అరకు ఒక్క రోజులో పెట్టకండి. పొద్దున కిరండూల్ రైల్లో వెళ్లండి, దారిలో బోలెడు సొరంగాలు, అద్దాల పైకప్పున్న విస్టాడోమ్ పెట్టెలో సీటు దొరికితే ఇంకా బాగుంటుంది, త్వరగా బుక్ చేయండి. ఆ రాత్రి అక్కడే ఉండండి. సుమారు 900 మీటర్ల ఎత్తు కదా, ఆ చల్లదనానికి ఆ అమ్మాయి హాయిగా నిద్రపోతుంది. బొర్రా గుహలు మర్నాడు తిరుగుదారిలో చూడొచ్చు.

ఎంవీపీ_అమ్మాయి:
నమోదు సంగతి నాకు అసలు తెలియదు, చాలా థాంక్సండీ. స్నానం తీసేశాను తమ్ముడూ. భీమిలి, తొట్లకొండ ఒక సాయంత్రానికి, సింహాచలం ఒక పొద్దుటికి మార్చాను, అరకులో రాత్రి ఉంటాం. మధ్యాహ్నాలు అమ్మ తనకి ముగ్గులు నేర్పిస్తానంటోంది. అన్నట్టు, మే మూడో వారానికి తాటి ముంజలు ఇంకా లేతగా దొరుకుతాయా?

పెదవాల్తేరు_వాసి:
దొరుకుతాయమ్మా. పొద్దున్నే వెళ్లి దగ్గరుండి కాయ కొట్టించుకోండి, ముదిరినవి తీసుకోకండి, అరగవు.