పాత జడ్డిగానికి పురుగు పట్టింది, ఏం చేయాలి?

అందరికీ నమస్కారం. మేముండేది విశాఖపట్నం మధురవాడలో, మా తాతగారిది పల్నాడు. అక్కడి పాత ఇల్లు పడగొట్టేటప్పుడు అటక మీద దొరికిన జడ్డిగం తెచ్చుకున్నాను. దోసిలి పట్టేంత చెక్క గిన్నె, అడుగున ఏటవాలుగా మూడు కన్నాలు. పక్కింటావిడ చూసి పూలకుండీ అనుకున్నారు! ఇది గొర్రుకి, అంటే ఎద్దులతో లాగించి విత్తనాలు వేసే పనిముట్టుకి, ఉండేది. వెనక నడిచే మనిషి గుప్పిట్లోంచి గింజలు కొద్దికొద్దిగా వదులుతుంటే, వెదురు గొట్టాల్లోంచి జారి చాళ్లలో పడేవి.

ఇంగ్లండులో జెత్రో టల్ 1701లో విత్తనాల యంత్రం చేశాడని మా అబ్బాయి పాఠంలో ఉంది. కానీ 1790లలో కెప్టెన్ హాల్కాట్ అనే బ్రిటిష్ అధికారి దక్షిణ భారతంలో మన గొర్రు చూసి ఆశ్చర్యపోయాడు. అలాంటి యంత్రం యూరప్‌వాళ్లు కొత్తగా కనిపెట్టిందని అనుకునేవాడట. అందుకే మా అబ్బాయి స్కూల్ ప్రదర్శనలో దీన్ని పెట్టాలని నా పట్టుదల.

ఒక కన్నం చుట్టూ పురుగు తొలిచి, రోజూ పొద్దున్నకి చిటికెడు సన్నటి పొడి రాలుతోంది. వేపనూనె రాశాను, ఆగలేదు. కిరసనాయిలు పూస్తే చెక్క పాడవుతుందా? ఎండలో పెట్టమంటున్నారు గానీ పగిలిపోతుందేమోనని టెన్షన్. గొట్టాలు ఒక్కటీ మిగల్లేదు. లోపల ఎంత వెడల్పు ఉండాలి, జొన్నకీ శనగకీ ఒకటే సరిపోయేదా? అనకాపల్లి, చోడవరం వైపు గొర్రు పని తెలిసిన పాత వడ్రంగులు ఎవరైనా ఉంటే చెప్పండి, ఆదివారం బండేసుకుని వెళ్తాను.