అప్‌డేట్: కెమిస్ట్రీ ప్రాక్టికల్ అయిపోయింది, గోధుమ రంగు గోల తీరింది

పోయిన వారం అడిగాను కదా, పర్మాంగనేట్ టైట్రేషన్‌లో (ద్రావణాన్ని చుక్కచుక్కగా కలిపి గాఢత కనుక్కునే ప్రయోగం) గులాబీ రంగుకు బదులు గోధుమ రంగు మడ్డి వస్తోందని, సాల్ట్ అనాలసిస్ (ఇచ్చిన లవణం ఏదో పరీక్షలతో కనిపెట్టడం) అంటేనే భయమని. నిన్న హన్మకొండలో పరీక్ష రాసొచ్చాను.

మీరన్నట్టు తప్పు యాసిడ్ దగ్గరే. సజల సల్ఫ్యూరిక్ యాసిడ్ నేను చుక్కలు లెక్కపెట్టి పోస్తున్నా. అది చాలకపోతే మాంగనీస్ డయాక్సైడ్ ఏర్పడి ద్రావణం గోధుమ రంగులోకి తిరుగుతుందట. ఈసారి కొలజాడీతో కొలిచి పోశాను. ఇంకో సంగతి, ఆక్జాలిక్ యాసిడ్‌కు చేసినట్టే మోర్ లవణాన్నీ (ఫెర్రస్, అంటే ఇనుము ఉన్న లవణం) వేడి చేసేదాన్ని! దీనికి వేడి అక్కర్లేదు, పైగా ఫెర్రస్ గాలికే ఆక్సీకరణం చెందుతుంది. బ్యూరెట్‌లో (కొలత గీతలున్న గాజు గొట్టం) పర్మాంగనేట్ ముదురు రంగు కాబట్టి ద్రవం పైఅంచు చూసి రీడింగ్ తీశాను. చివర్లో ఒక్క చుక్కకే లేత గులాబీ రంగు వచ్చి, ఫ్లాస్క్ తిప్పినా పోలేదు. రెండోసారీ అదే రీడింగ్.

సాల్ట్ తెల్లటి పొడి. సోడియం హైడ్రాక్సైడ్ వేసి వేడి చేయగానే ఘాటు వాసన ముక్కుకు కొట్టింది, అమ్మోనియమే అనుకున్నా. హెచ్‌సీఎల్‌లో ముంచిన గాజుకడ్డీ పెడితే తెల్లటి దట్టమైన పొగలు. సిల్వర్ నైట్రేట్‌కు పెరుగు తరకల్లాంటి తెల్లటి అవక్షేపం వచ్చి, అమ్మోనియం హైడ్రాక్సైడ్‌లో కరిగింది. అమ్మోనియం క్లోరైడ్ అని రాసేశా.

వైవాలో మాత్రం దొరికిపోయా. ఇండికేటర్ (రంగు మారి ముగింపు చూపించే సూచిక) ఎందుకు వేయలేదని అడిగితే టెన్షన్‌లో "మర్చిపోయాను సార్" అన్నాను. పర్మాంగనేటే స్వయం సూచిక, దాని రంగే ముగింపు చూపిస్తుంది అని గుర్తొచ్చేసరికి బయట చెప్పులేసుకుంటున్నా.