పిక్సెల్ ఆర్ట్‌ను పూర్ణ సంఖ్య రెట్లే పెంచాలా?

మారతహళ్ళి మేడగది: మేము ముగ్గురం సెలవు రోజుల్లో ఒక చిన్న ఆట తయారు చేస్తున్నాం. బొమ్మలన్నీ 320×180 పిక్సెళ్ళ (చిన్న చదరపు గడుల) తెరకు గీసినవి, నాయకుడి స్ప్రైట్ (తెరపై కదిలే బొమ్మ) 16×16. ఆరు రెట్లు చేస్తే సరిగ్గా 1920×1080 అవుతుంది కనుక మానిటర్‌పై ఏ చిక్కూ లేదు. కానీ 1366×768 లాప్‌టాప్‌లో తెర నిండా సాగదీస్తే ఒక కన్ను నాలుగు పిక్సెళ్ళు, రెండోది ఐదు పిక్సెళ్ళు అవుతోంది. పైగా వాడు నడుస్తుంటే ఆ తేడా ఒక కంటి నుంచి మరో కంటికి మారుతూ, ముఖమంతా వణుకుతున్నట్టు కనిపిస్తోంది. ఏం చేయాలన్నదానిపై మాలో మాకే పడటం లేదు.

గళ్ళ కాగితం: పూర్ణ సంఖ్య రెట్లే చేయండి. నియరెస్ట్ నైబర్ పద్ధతి ఉన్న పిక్సెల్‌నే పక్కపక్కన నకలు చేస్తుంది తప్ప కొత్త రంగును పుట్టించదు. బైలీనియర్ మాత్రం పొరుగు పిక్సెళ్ళను కలిపి సగటు తీస్తుంది కాబట్టి, నల్లని గీతకూ పచ్చని గడ్డికీ నడుమ మీరు ఎన్నడూ ఎంచుకోని బురద రంగు వచ్చి చేరుతుంది. లాప్‌టాప్‌లో నాలుగు రెట్లు చేస్తే 1280×720 వస్తుంది. పక్కలకు 43, పైనా కిందా 24 పిక్సెళ్ళ నల్లపట్టీ మిగులుతుంది. ఆ మాత్రానికి ఎవరూ ఆట మానేయరు.

సర్జాపూర్ రోడ్డు: గళ్ళ కాగితం గారూ, లాప్‌టాప్ వరకు ఒప్పుకుంటాను. 2400×1080 ఫోన్‌లో మాత్రం మీ లెక్క ప్రకారం రెండు పక్కలా 240 పిక్సెళ్ళ చొప్పున నలుపే ఉంటుంది, దాన్ని చూసినవారు ఆట చెడిపోయిందనుకుంటారు. లాప్‌టాప్‌కైనా మధ్యేమార్గం ఉంది: ముందు నియరెస్ట్‌తో ఐదు రెట్లు చేసి 1600×900కు తెచ్చి, దాన్ని బైలీనియర్‌తో 1366×768కు కుదిస్తే, మసకదనం గడుల అంచులకే పరిమితమవుతుంది, గడి నడుమ రంగు చెక్కుచెదరదు.

1992లో లూకాస్‌ఆర్ట్స్ ఆటలను మెకింటోష్‌కు తెచ్చేటప్పుడు పుట్టిన ఈపీఎక్స్ లాంటి, పొరుగు పిక్సెళ్ళను పోల్చి ఏటవాలు గీతలను నునుపు చేసే పద్ధతులూ ఉన్నాయి కానీ, వాటి తరువాత వచ్చిన హెచ్‌క్యూ2ఎక్స్‌తో పెంచిన ముఖాలు నా కంటికి రబ్బరు బొమ్మల్లా ఉంటాయి.

కుంచె: ఫోన్‌లో పెంచవలసింది బొమ్మను కాదు, ఆటలో కనిపించే మేరను. 320కి బదులు 400×180 మేర చూపించండి. ఆరు రెట్లకు 2400×1080 సరిగ్గా సరిపోతుంది, నలుపూ ఉండదు, మసకా ఉండదు. స్ప్రైట్లను విడివిడిగా పెంచకుండా, చిన్న తెరపై అన్నీ గీసిన తరువాతే ఆ తెర మొత్తాన్ని పెంచాలి. లేకపోతే ఒకే దృశ్యంలో రెండు సైజుల గడులు కనిపించి కంటికి ముల్లులా గుచ్చుకుంటాయి.

కుదించడం వేరే సంగతి. ఎవరో నాలుగు రెట్లు పెంచి పెట్టిన పీఎన్‌జీ (బొమ్మ ఫైలు) అయితే నియరెస్ట్‌తో నాలుగో వంతు చేయగానే అసలు బొమ్మ యథాతథంగా తిరిగి వస్తుంది. మొదటే 32×32గా గీసినదాన్ని 16×16 చేయాలంటే ఏ పద్ధతీ ఆదుకోదు, మళ్ళీ గీయాల్సిందే.

మారతహళ్ళి మేడగది: కుంచె గారు చెప్పినట్టు నిన్న రాత్రి 400 వెడల్పు పెట్టి ఫోన్‌లో చూశాం, కళ్ళు రెండూ సమానంగా ఉన్నాయి. అయితే మొదటి అంకంలో మర్రిచెట్టు సగంలోనే తెగిపోయి, వెనుక ఖాళీ ఆకాశం బయటపడింది. ఇక రెండు పక్కలా 40 పిక్సెళ్ళ చొప్పున నేపథ్యం గీయాలి. ఆ పని, బైలీనియర్ లాంటి ఫిల్టర్ పెట్టి సాగదీద్దామని పట్టుబట్టిన మా మిత్రుడికే అప్పగించాం.