లేడీ రోండా సంపాదించుకున్నదెంత, తండ్రి ఇచ్చిపోయిందెంత?

ఇత్తడిబిందె (బేగంబజారు)

అందరికీ నమస్కారం. మాది బేగంబజారులో స్టీలు, ఇత్తడి సామాన్ల హోల్‌సేల్ దుకాణం. నాన్నగారు పోయినప్పటి నుంచి, అంటే నాలుగేళ్లుగా, గల్లాపెట్టె దగ్గర నేనే కూర్చుంటున్నాను. వచ్చే నెల మా మహిళా వ్యాపారుల సమావేశంలో ఇరవై నిమిషాలు మాట్లాడే వంతు నాది. ఓటు హక్కు కోసం జైలుకు వెళ్లి, ఆ తర్వాత పెద్ద పెద్ద కంపెనీల వ్యవహారాలు చూసిన బ్రిటన్ మహిళ లేడీ రోండా గురించి చెబుదామని కొన్నాళ్లుగా చదువుతున్నాను.

ఆమె అసలు పేరు మార్గరెట్ హేగ్ థామస్. 1883లో పుట్టి 1958లో మరణించారు. వేల్స్‌లో బొగ్గుగనుల యజమాని, లిబరల్ పార్టీ నాయకుడు అయిన డి.ఎ. థామస్‌కు ఒక్కగానొక్క కూతురు. ఆమె జీవితంలో మొత్తం 33 కంపెనీలకు డైరెక్టరుగా ఉన్నారు. వాటిలో 28 పదవులు 1918లో తండ్రి మరణించాక ఆయన నుంచి వచ్చినవే. 1926లో అక్కడి ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డైరెక్టర్స్‌కు తొలి మహిళా అధ్యక్షురాలయ్యారు.

నా సందేహం ఆ 28 దగ్గరే వచ్చింది. మా సమావేశానికి వచ్చేవాళ్లలో పచ్చళ్లు పెట్టి అమ్ముతూ పైకి వచ్చినవారున్నారు, ఒక్క కుట్టుమిషనుతో మొదలుపెట్టినవారున్నారు. “నాన్న వదిలిపోయిన కుర్చీలో కూర్చోవడం ఏం గొప్ప?” అని వాళ్లలో ఎవరో ఒకరు అడిగి తీరుతారు. ఆ మాట నేనూ పడ్డదాన్నే. మా దుకాణం కాగితాలన్నింటి మీదా సంతకం నాదే. అయినా మొన్న దీపావళికి ముందు ధర మాట్లాడడానికి వచ్చిన ఒక సరఫరాదారు నా ఎదురుగానే కూర్చుని, నేను తెప్పించిన టీ తాగి, “ఇంట్లో మగవాళ్లు ఉన్నప్పుడు వస్తానమ్మా” అని లేచి వెళ్లిపోయారు. అందుకే అడుగుతున్నాను, ఆమె వ్యాపారం నేర్చుకుని చేశారా, లేక పేరుకే డైరెక్టరా?

పాతచిట్టా (నల్లకుంట)

అమ్మా, చరిత్ర పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ణి కనుక ముందుగా ఒక చిన్న సవరణ. మనమందరం ‘రోండా’ అని రాస్తాం గానీ, వెల్ష్ భాషలో రెండు ‘డి’లు పక్కపక్కన వస్తే మన ‘ద’కు దగ్గరగా మెత్తగా పలుకుతారు. ‘రోన్‌ద’ అంటే మూలానికి దగ్గరగా ఉంటుంది. అది బొగ్గుకు పేరుపడ్డ ఒక లోయ పేరు; తండ్రికి వచ్చిన బిరుదులో ఆ పేరు చేరింది.

ఇక మీ సందేహం. 28 అనే అంకె దగ్గర ఆగిపోతే ఆమెకు అన్యాయం జరుగుతుందని నా అభిప్రాయం, ఎందుకంటే తండ్రి కుర్చీ కంటే ముందు ఆమె చూసింది జైలుగది. 1908 జూన్‌లో, పెళ్లికి కొద్ది వారాల ముందు, దూరపు చుట్టమైన ఫ్లోరెన్స్ హేగ్‌తో కలిసి స్త్రీల ఓటు కోసం లండన్ హైడ్ పార్కులో జరిగిన ఊరేగింపుకు వెళ్లారు. ఓటు ఉద్యమ నాయకురాలు ఎమ్మెలిన్ పాంక్‌హర్స్ట్ స్థాపించిన మహిళా సామాజిక రాజకీయ సంఘంలో ఆ ఏడాదే చేరి, తమ ప్రాంతమైన న్యూపోర్ట్ శాఖకు కార్యదర్శి అయ్యారు. 1910లో ప్రధానమంత్రి ఆస్క్విత్ కారు మెట్టు మీదికి ఎగిరి దూకారు.

1913లో జరిగిన పోస్టుపెట్టె ఉదంతాన్ని మీరు కాస్త తీరిగ్గా చెప్పండి, సభ మీ వైపు తిరుగుతుంది. ఉత్తరాలను తగలబెట్టే రసాయనాలున్న గాజుగొట్టాలను లండన్‌లోని సంఘం కార్యాలయంలో తీసుకుని, ఒక బుట్టలో పెట్టుకుని, మూడో తరగతి రైలుపెట్టెలో తోటి ప్రయాణికుల మధ్య కూర్చుని ఇంటికి తెచ్చారు. తెచ్చి, పెరట్లో పండ్లపొదల కింద పాతిపెట్టారు. ఒక కోటీశ్వరుడి కూతురు, ఊళ్లో అందరూ ఎరిగిన ఇంటి కోడలు, తర్వాత వాటిని తవ్వి తీసి రిస్కా రోడ్డులోని పోస్టుపెట్టెలో వేశారు. న్యాయస్థానం జరిమానా విధిస్తే కట్టనన్నారు. ఆ డబ్బు ఆ ఇంట్లో ఒక లెక్క కాదు. కడితే తప్పు ఒప్పుకున్నట్టవుతుందని కట్టలేదు. అస్క్ జైలులో నిరాహారదీక్షకు దిగితే, ఐదు రోజులకు విడిచిపెట్టారు. (మరుసటి ఏడాది వాళ్లమ్మగారు సిబిల్ కూడా పార్లమెంటు దగ్గర అరెస్టయ్యారు. ఆ ఇంటి ఆడవాళ్ల తీరే అంత.)

వ్యాపారం సంగతికి వస్తే, తండ్రి బతికుండగానే కార్డిఫ్ రేవులోని కంపెనీ కార్యాలయంలో ఆమె ఆయన దగ్గర పనిచేశారు, అదీ ఏడాదికి 1,000 పౌండ్ల జీతం మీద. కూతురు కదా అని ఊరికే పక్కన కూర్చోబెట్టుకోలేదు, జీతం ఇచ్చి పని నేర్పారు. ఆ రోజుల్లో మగపిల్లలకు చేసే ఏర్పాటు అది. వ్యాపారం పని మీద తండ్రితో అమెరికా వెళ్లి తిరిగివస్తుండగానే, 1915 మే 7న వాళ్లెక్కిన లూసిటేనియా ఓడను జర్మన్ జలాంతర్గామి కూల్చింది. 18 నిమిషాల్లో మునిగిన ఆ ఓడలో దాదాపు 1,200 మంది పోయారు. ఆమె గంటల తరబడి నీళ్లలో ఉండి స్పృహ తప్పారు. బ్లూబెల్ అనే చేపల పడవవాళ్లు పైకి లాగారు. తండ్రీ బతికి బయటపడ్డారు. 1916 చివర్లో ఆయన మంత్రివర్గంలో చేరేసరికి వ్యాపార భారం కూతురి మీద పడింది. అంటే 1918 నాటికి ఆమె ఆ కుర్చీకి కొత్త కాదు.

బాయిబిడ్డ (కూకట్‌పల్లి)

పెద్దలు పాతచిట్టా గారు చెప్పినవన్నీ నిజమే. కానీ ఆ బొగ్గు ఎవరు తవ్వారన్న మాట లేకుండా ఈ కథ చెబితే నాకు మింగుడు పడదు. మా నాయన గోదావరిఖనిలో కోల్ ఫిల్లర్. ఇంట్లో ‘గని’ అనేవాళ్లం కాదు, ‘బాయి’ అనేవాళ్లం. తట్టా చెమ్మసుతో, అంటే బుట్టా పారతో, బొగ్గు టబ్బులు నింపి ఇంటికొస్తే, ఎంత కడిగినా కంటిరెప్పల అంచున నల్లటి గీత పోయేది కాదు, కాటుక పెట్టుకున్నట్టే ఉండేది.

డి.ఎ. థామస్ గారి కేంబ్రియన్ కంపెనీల్లో 1910లో గొడవ మొదలైంది కూడా ఇలాంటి ఫిల్లర్ల కూలి దగ్గరే. పెనీగ్రెయిగ్‌లోని ఈలీ బాయిలో బ్యూట్ అనే కొత్త బొగ్గుపొరను తెరిచారు. ఆ పొర మధ్యలో రాయి ఉంది. రాయి తీస్తే పైసా రాదు, బొగ్గు టన్నుకే కూలి. రాయి వల్ల పని సాగడం లేదు కాబట్టి టన్నుకు 2 షిల్లింగుల 6 పెన్నీలు (షిల్లింగుకు 12 పెన్నీలు) కావాలని కార్మికులు అడిగారు. యాజమాన్యం 1 షిల్లింగు 9 పెన్నీలు అంది. కావాలనే పని మెల్లగా చేస్తున్నారని నింద వేసి, ఆ పొరలో పనిచేసే 70 మందినే కాక ఆ బాయిలో అందరినీ సెప్టెంబరు 1న బయట నిలబెట్టి లాకౌటు చేశారు. నవంబరుకల్లా కేంబ్రియన్ బాయిలన్నీ మూతపడి దాదాపు 12,000 మంది సమ్మెలో ఉన్నారు. ఆ పక్క ఊరు టోనీపాండీలో అల్లర్లు, పోలీసుల లాఠీలు, హోంమంత్రి చర్చిల్ హయాంలో దిగిన సైన్యం, అన్నీ అయ్యాయి. 1911లో కార్మికులు ఓడి తిరిగి బాయి దిగారు. దక్కింది, సమ్మెకు ముందే మాట్లాడిపెట్టిన 2 షిల్లింగుల 3 పెన్నీలు.

ఆస్క్విత్ కారు మీదికి దూకడమూ 1910లోనే, ఈ లాకౌటూ 1910లోనే. ఆమె ధైర్యాన్ని నేను తక్కువ చేయడం లేదు. కానీ ఆమె కట్టనన్న జరిమానాకూ, ఆ టన్నుకు తగ్గించిన పెన్నీలకూ వచ్చింది ఒకే గల్లాపెట్టె నుంచి. ఇత్తడిబిందె అక్కా, మీ సభలో కుట్టుమిషనుతో మొదలుపెట్టినవాళ్లు ఉన్నారన్నారు కదా, వాళ్లకు ఈ సంగతీ తెలియాలి.

మినిట్సుబుక్కు (సోమాజిగూడ)

నేను కంపెనీ సెక్రటరీని, ఒక్క మాట చెప్పి తప్పుకుంటాను. మన 2013 కంపెనీల చట్టంలోని 149వ సెక్షను ప్రకారం స్టాక్ ఎక్స్ఛేంజీలో నమోదైన ప్రతి కంపెనీ బోర్డులోనూ కనీసం ఒక మహిళ ఉండాలి. నిబంధన వచ్చాక చాలా కుటుంబ కంపెనీలు భార్యనో కూతురినో బోర్డులో వేసుకోవడం నేను దగ్గరుండి చూశాను. మీటింగుకు రాకపోయినా హాజరుపట్టీ మీద సంతకం మాత్రం ఇంటికి పంపి చేయించుకునేవారు. పేరుకు డైరెక్టరో, పనికి డైరెక్టరో తేల్చాలంటే ఆమె తన ఇష్టం మీద పెట్టిన సంస్థ ఎలా ఉందో చూడాలి. లేడీ రోండా 1920లో ‘టైమ్ అండ్ టైడ్’ వారపత్రికను ప్రారంభించారు. దాని బోర్డు మొత్తం మహిళలే. ఏళ్ల తరబడి వచ్చిన నష్టాన్ని తన సొమ్ముతో పూడ్చారు. వ్యాపారలెక్క ప్రకారం అది మూసేయాల్సిన వ్యవహారం, ఆమె మూయలేదు. వారసత్వంగా వచ్చిన డబ్బును ఆమె ఎక్కడ ఖర్చు పెట్టారో అది చెబుతుంది.

ఇత్తడిబిందె (బేగంబజారు)

అందరికీ కృతజ్ఞతలు. బాయిబిడ్డ తమ్ముడూ, మీ నాన్నగారి కంటిరెప్పల మాట చదివి కాసేపు ఆగిపోయాను. ఆ సమ్మె సంగతి తప్పకుండా చెబుతాను. పాతచిట్టా గారూ, ఇంకొక్కటి. ఓటు వచ్చాక ఆమె ఏం చేశారు? ప్రభువుల సభలో (బ్రిటన్ పార్లమెంటు ఎగువ సభ, హౌస్ ఆఫ్ లార్డ్స్) కూర్చోవడానికి పోరాడారని ఒక వాక్యం మాత్రం చదివాను. మన హైదరాబాదుతో కలిపి చెప్పగలిగే ముడి ఏదైనా ఉందా?

పాతచిట్టా (నల్లకుంట)

ఉందమ్మా. ముందు ఓటు సంగతి. 1918 చట్టం బ్రిటన్‌లో 30 ఏళ్లు నిండిన ఆడవాళ్లకే, అదీ తమకో భర్తకో ఆస్తి అర్హత ఉన్నవాళ్లకే ఓటిచ్చింది. మగవాళ్లతో సమానంగా 21 ఏళ్లకే ఇచ్చింది 1928లో. ఆ మధ్య పదేళ్లూ ఆమె ఊరుకోలేదు. 1921లో సిక్స్ పాయింట్ గ్రూపు అనే సంఘాన్ని పెట్టి ఆరు కోరికలు ముందుంచారు. పిల్లలపై అత్యాచారాలకు గట్టి చట్టం, వితంతు తల్లులకూ, పెళ్లికాని తల్లులకూ వాళ్ల బిడ్డలకూ రక్షణ, పిల్లల సంరక్షణలో తల్లికి తండ్రితో సమాన హక్కు, టీచర్లకు సమాన జీతం, ప్రభుత్వోద్యోగాల్లో సమాన అవకాశం. ఓటు అనే మాట ఆ ఆరింటిలో లేదు చూడండి. ఓటుతో ఏం చేయించుకోవాలో ఆమె అప్పటికే రాసుకున్నారు.

ప్రభువుల సభ విషయం మరీ విచిత్రం. తనకు మగపిల్లలు లేరు గనుక బిరుదు కూతురికి చెందేలా తండ్రి ముందే ప్రత్యేక ఏర్పాటు చేయించుకున్నారు. బిరుదు వచ్చింది, సభలో స్థానం మాత్రం ఇవ్వలేదు. ఆడవారన్న కారణంగా ప్రభుత్వ పదవులకు అనర్హులు కారని 1919లో చట్టం వచ్చింది కదా అని ఆమె దరఖాస్తు పెట్టారు. 1922 మార్చిలో సభ హక్కుల సంఘం సరేనంది. ప్రభుత్వంలో న్యాయ వ్యవహారాల పెద్ద అయిన లార్డ్ ఛాన్సలర్ బిర్కెన్‌హెడ్ పట్టుబట్టి దాన్ని మళ్లీ విచారణకు పంపించి, మేలో కాదనిపించారు. మీ ఎదురుగా టీ తాగి వెళ్లిన సరఫరాదారు గుర్తొచ్చాడు నాకు. కాగితం మీద ఆమెదే, మాట్లాడడానికి మాత్రం మగవాళ్లు రావాలి. ఆమె 1958 జులై 20న మరణించారు. ఆ ఏడాది ఏప్రిల్‌లోనే జీవితకాల బిరుదులు, అంటే వారసులకు పోని బిరుదులు, ఇచ్చే చట్టం వచ్చి, అక్టోబరులో మొదటి మహిళలు ఆ సభలో అడుగుపెట్టారు. ఆమెలాంటి వంశపారంపర్య బిరుదున్న స్త్రీలకు దారి తెరుచుకుంది 1963లో.

ఇక మన ముడి. 1917 డిసెంబరులో మద్రాసులో భారత వ్యవహారాల మంత్రి మాంటేగును కలిసి, ఈ దేశపు స్త్రీలకూ ఓటు కావాలని అడిగిన బృందానికి ముందు నిలిచింది మన హైదరాబాదు బిడ్డ సరోజినీ నాయుడు. ఆ బృందాన్ని సమకూర్చిన మార్గరెట్ కజిన్స్ ఐర్లాండులో ఓటు ఉద్యమంలో జైలుకు వెళ్లి వచ్చినావిడ, మదనపల్లెతో సంబంధం ఉన్నావిడ. 1921లో మద్రాసు ఓటు ఇచ్చింది, అక్కడా ఆస్తి అర్హత మీదనే. నిజాం రాజ్యంలో ఉన్న మన నగరానికి ఆ ఓటు వర్తించలేదు. ఇక్కడి సామాన్య స్త్రీ 1952 ఎన్నికల్లో, ఆస్తి అడగకుండా, మొదటిసారి ఓటు వేసింది. ఆ ఎన్నికల్లోనే శాలిబండ నుంచి మాసూమా బేగం శాసనసభకు గెలిచారు. నాంపల్లిలో సరోజినీ వాళ్ల ఇల్లు గోల్డెన్ థ్రెషోల్డ్ ముందు నుంచి మీరు రోజూ వెళ్తూనే ఉండి ఉంటారు.

ఇత్తడిబిందె (బేగంబజారు)

రోజూ కాదు గానీ, బ్యాంకుకు వెళ్లిన ప్రతిసారీ ఆ దారినే వెళ్తానండీ. పోస్టుపెట్టెతో మొదలుపెట్టి, ఈలీ బాయి మీదుగా ప్రభువుల సభ దాకా వెళ్తాను. లూసిటేనియా గురించి రెండు వాక్యాలే, లేకపోతే ఇరవై నిమిషాలూ ఓడే మింగేస్తుంది. ఉదయం నుంచి ‘రోన్‌ద’ అని పలకడం సాధన చేస్తుంటే, మా గుమాస్తా కొత్త రకం గిన్నెల కంపెనీ పేరనుకుని ధరపట్టీ ఎప్పుడొస్తుందని అడిగాడు.