ఆజీ ఫస్ట్ సోలో ఆల్బమ్ ఒరిజినల్ రికార్డింగ్ బెంగళూరులో ఎక్కడ దొరుకుతుంది?

అందరికీ నమస్తే, నేను మారతహళ్ళిలో ఉంటా, ఒక హెల్ప్ కావాలి. 1979లో బ్లాక్ సబ్బత్ అనే రాక్ బ్యాండ్ నుంచి తీసేశాక సింగర్ ఆజీ ఆస్బోర్న్ 1980లో సొంతంగా చేసిన మొదటి ఆల్బమ్ బ్లిజార్డ్ ఆఫ్ ఆజ్ ఉంది కదా, దాని సీడీ గానీ ఎల్పీ గానీ మా తమ్ముడికి ఇద్దామనుకుంటున్నా, వాడు గిటార్ నేర్చుకుంటున్నాడు, అందులో గిటార్ వాయించిన ర్యాండీ రోడ్స్ అంటే ప్రాణం.

సమస్య ఏంటంటే మొదట వాయించిన బాబ్ డెయిజ్లీ, లీ కెర్స్‌లేక్‌లతో రాయల్టీ గొడవలు నడుస్తున్న టైంలో 2002లో వచ్చిన సీడీలో బాబ్ బేస్ గిటార్, లీ డ్రమ్స్ తీసేసి వేరేవాళ్ళతో మళ్ళీ వాయించి పెట్టారు. ర్యాండీ గిటార్ అలాగే ఉంది కానీ కింద ఆ ఊపు లేదు, నాకైతే అస్సలు ఎక్కలేదు. 2011 రీఇష్యూలో పాతదే తిరిగి పెట్టారు, అది దొరికినా చాలు.

చర్చ్ స్ట్రీట్ వైపు గానీ ఇంకెక్కడైనా గానీ సెకండ్ హ్యాండ్ రికార్డులు అమ్మే నమ్మకమైన షాపు తెలుసా అండీ? సీల్ విప్పకుండానే అది 2002దా కాదా అని కవర్ మీద ఏం చూసి గుర్తుపట్టాలి? రేటు సుమారుగా ఎంత ఉండొచ్చో కూడా చెప్పండి ప్లీజ్.