జీల్‌ను సోర్స్ నుంచి బిల్డ్ చేస్తుంటే ఈసీఎం దొరకలేదంటోంది

ప్రశ్న: నమస్కారమండీ. ప్రోగ్రామింగ్ డాక్యుమెంటేషన్‌ను నెట్ లేకుండా చదివించే జీల్ అనే యాప్ కొత్త వెర్షన్ కోసం గిట్‌హబ్ నుంచి సోర్స్ దించుకున్నాను. మెషీన్‌లో ఉబుంటు ఉంది. బిల్డ్‌ను సిద్ధం చేసే సీమేక్ మొదలుపెట్టగానే ఈసీఎం దొరకలేదని ఆగిపోతోంది. జీల్ వాడే క్యూటీ లైబ్రరీ ఉంది కదా, మళ్లీ ఇదేమిటి? మా ఊళ్లో నెట్ నమ్మకంగా ఉండదు. పైథాన్, జావా డాక్యుమెంటేషన్ ఆఫ్‌లైన్‌లో ఉంటే చాలా టెన్షన్ తగ్గుతుంది.

జవాబు: ఈసీఎం అంటే ఎక్స్‌ట్రా సీమేక్ మాడ్యూల్స్, సీమేక్ వాడుకునే అదనపు సహాయక ఫైళ్లు. ఆ పూర్తి పేరునే హైఫన్లతో కలిపి ఉబుంటులో ప్యాకేజీలు ఇన్‌స్టాల్ చేసే ఆప్ట్‌కి ఇవ్వండి, వచ్చేస్తుంది. అయితే అది పెట్టాక సీమేక్ ఇంకోటి అడుగుతుంది. మీ దగ్గర ఉన్న క్యూటీ ప్రోగ్రాములు నడపడానికి సరిపోయేది. బిల్డ్ చేయాలంటే హెడర్ ఫైళ్లు కావాలి, అవి పేరు చివర డెవ్ అని ఉండే ప్యాకేజీల్లో ఉంటాయి. క్యూటీ బేస్, క్యూటీ వెబ్‌ఇంజిన్, లిబ్‌ఆర్కైవ్, ఎస్‌క్యూలైట్, ఎక్స్‌సీబీ కీసిమ్స్: వీటన్నిటి డెవ్ ప్యాకేజీలూ నెట్ ఉన్నప్పుడే ఒకేసారి వేసుకోండి. వెబ్‌ఇంజిన్‌ను మాత్రం సోర్స్ నుంచి కట్టాలని చూడకండి. దాని లోపల ఉన్నది క్రోమ్‌కి మూలమైన క్రోమియం బ్రౌజర్ కోడ్, మామూలు ల్యాప్‌టాప్‌కి గంటల పని. క్యూటీ 5, 6 ప్యాకేజీలు కలిపేయకుండా ఏదో ఒకదానికే కట్టుబడండి. మధ్యలో మారిస్తే బిల్డ్ ఫోల్డర్ తీసేసి మొదటి నుంచి నడపండి, పాత దారులు సీమేక్ క్యాష్‌లో మిగిలిపోతాయి.

ప్రశ్న: బిల్డ్ అయిందండీ! ఇన్‌స్టాల్ చేసేయొచ్చా? ఆప్ట్‌తో పెట్టిన పాత జీల్ కూడా ఉంది.

జవాబు: పాతదాన్ని ముందు తీసేయండి. మీరు కట్టినది యూఎస్ఆర్ లోకల్ ఫోల్డర్ కింద కూర్చుంటుంది. రెండూ ఉంటే మెనూలో ఏది తెరుచుకుంటుందో తెలియక తికమక పడతారు. ఇన్‌స్టాల్ అయ్యాక బిల్డ్ ఫోల్డర్‌లో ఇన్‌స్టాల్ మానిఫెస్ట్ అనే టెక్స్ట్ ఫైల్ వస్తుంది, దాన్ని దాచుకోండి. ఏ ఫైల్ ఎక్కడికి వెళ్లిందో అందులోనే ఉంటుంది. ఆప్ట్‌కి ఈ జీల్ సంగతి తెలియదు కాబట్టి రేపు తొలగించాలంటే ఆ జాబితాయే ఆధారం.

ఇంకో మాట. జీల్ ఖాళీగానే వస్తుంది, టూల్స్ మెనూలో డాక్‌సెట్స్ (ఒక్కో భాష లేదా లైబ్రరీ డాక్యుమెంటేషన్ కట్టలు) తెరిచి మీకు కావలసినవి దించుకోవాలి. నెట్ బాగాలేదన్నారు కాబట్టి, స్నేహితుల దగ్గర జీల్ ఉంటే వాళ్ల డాక్‌సెట్ ఫోల్డర్లను పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకోండి. ప్రిఫరెన్సెస్‌లో చూపించే డాక్‌సెట్ స్టోరేజ్ ఫోల్డర్‌లో వాటిని పెట్టి జీల్‌ను మూసి తెరిస్తే కనిపిస్తాయి. వెతికేటప్పుడు ముందు పైథాన్ అని, పక్కన కోలన్ పెడితే జావా ఫలితాలు అడ్డు రావు.